స్పోర్ట్ పెర్ఫ్యూమ్ ఆటకు ముందు కాదు, స్నానమయ్యాక

సీసా మీద 'స్పోర్ట్' అని రాసి ఉన్న మగవాళ్ల పెర్ఫ్యూమ్‌ను చాలామంది వాడేది తప్పు వేళలో. జిమ్‌కు బయల్దేరుతూ రెండు స్ప్రేలు, షటిల్ ఆడి చెమటలు కక్కుతూ బండెక్కే ముందు ఇంకో నాలుగు. ఈ రెండు వేళల్లోనూ అది పనిచేయదు సరికదా, ఉన్న వాసనను ఇంకాస్త పాడుచేస్తుంది. ఈ తరహా పరిమళంలో ఆట లేదు. ఆట ముగించి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్న మనిషి వాసన ఉంది. అది శుభ్రతను అభినయిస్తుంది, శుభ్రం చేయదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే దాని కూర్పు అలా ఎందుకుందో, మధ్యాహ్నానికే ఎందుకు మాయమవుతుందో, మన ఎండల్లో ఎలా వాడాలో వరసగా తేలిపోతాయి.

ఆ తాజాదనం ఎక్కడిది

మగవాళ్ల సెంట్లలో తాజాదనానికి తొలి ఆధారం నిమ్మజాతి తొక్కల నూనెలు. జర్మనీలోని కొలోన్ నగరంలో 18వ శతాబ్దం మొదట్లో యోహాన్ మరియా ఫరీనా తయారుచేసిన ఓ డి కొలోన్‌లో బెర్గమోట్, నిమ్మ, నారింజ నూనెలే ప్రధానం. రాసుకోగానే ప్రాణం లేచొచ్చినట్టుండేది, కాసేపటికి ఆనవాలు ఉండేది కాదు. ఆ వాసనను నిలబెట్టడం ఎలాగన్నదే తర్వాతి రెండున్నర శతాబ్దాల తంటా. 1966లో పరిమళాల తయారీదారు ఎడ్మండ్ రుడ్నిట్‌స్కా డియోర్ కంపెనీ కోసం చేసిన 'ఓ సోవాజ్'లో హెడియోన్ అనే పదార్థం వాడి ఒక దారి చూపించాడు. మల్లెజాతి పూల వాసనను పోలిన ఆ పదార్థానికి ఘాటు ఉండదు, కానీ నిమ్మ వాసనకు గాలి ఆడేలా చేసి కాస్త ఎక్కువసేపు నిలుపుతుంది.

అసలు మలుపు మాత్రం సబ్బుల వైపు నుంచి వచ్చింది. డైహైడ్రోమైర్సెనాల్ అనే కృత్రిమ పదార్థానికి పచ్చి నిమ్మ, లావెండర్, కొంచెం లోహపు చలువ కలిసిన వాసన ఉంటుంది. సహజమైన నిమ్మనూనె సబ్బులోని క్షారానికి తట్టుకోలేదు. ఇది తట్టుకుంటుంది, పైగా చవక. అందుకే ముందు డిటర్జెంట్లలో, సబ్బుల్లో స్థిరపడింది. 1982లో గీ లరోష్ వారి 'డ్రాకార్ నువార్'లో ఇది దాదాపు 10 శాతం ఉందని, 1988లో పియర్ బూర్డోన్ చేసిన డేవిడాఫ్ 'కూల్ వాటర్'లో 20 శాతం దాకా వెళ్లిందని పరిమళాలు చేసేవాళ్లు చెప్పే లెక్క. ఉతికిన బట్టల వాసనగా ముక్కుకు అప్పటికే అలవాటైనదాన్ని ఖరీదైన సీసాలో పోసి మెడ మీద కొట్టుకోవడం అక్కడ మొదలైంది. స్పోర్ట్ పెర్ఫ్యూమ్ పీల్చగానే 'నీట్‌గా ఉన్నాడు' అనిపించడానికి సగం కారణం ఇదే. చౌకరకం అయితే బాత్‌రూమ్ కడిగే ద్రవం గుర్తుకు రావడానికీ కారణం ఇదే.

రెండో దినుసు కలోన్. 1966లో ఫైజర్ రసాయనవేత్తలు తయారుచేసిన ఈ పదార్థంలో సముద్రపు గాలి, పుచ్చకాయ తొక్క లోపలి తెల్లభాగం కలిసిన వాసన వస్తుంది. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1988లో అరామిస్ 'న్యూ వెస్ట్'లో దాన్ని ధారాళంగా వాడారు. 1996లో వచ్చిన అర్మానీ 'ఆక్వా డి జియో'తో సముద్రపు వాసన మగవాళ్ల సెంట్లకు మామూలైపోయింది. ఈలోగా 1994లో రాల్ఫ్ లారెన్ 'పోలో స్పోర్ట్' వచ్చి పేరు కూడా ఖాయం చేసింది. తర్వాత కంపెనీలకు ఇదొక పద్ధతిగా మారింది. బాగా అమ్ముడైన పేరుకు 'స్పోర్ట్' తోక తగిలించి, తీపిని కొంత తగ్గించి, నిమ్మను పెంచి కొత్త సీసా దించడం. షనెల్ 'అల్యూర్ ఓమ్' 1999ది, దాని స్పోర్ట్ రూపం 2004ది. 'డియోర్ ఓమ్' 2005ది, దాని స్పోర్ట్ రూపం 2008ది. కాబట్టి సీసా మీది ఆ మాట ఒక వాసన జాతికి పేరే తప్ప, చెమటను ఆపుతానన్న హామీ కాదు.

ఒక సీసా, ఆరు గంటలు

ఒంటి మీద ఇది ఎలా నడుస్తుందో చూడటానికి జాక్ పోల్జ్ చేసిన 'అల్యూర్ ఓమ్ స్పోర్ట్' మంచి ఉదాహరణ. ఈ జాతిలో నాసిరకం సరుకు చాలా ఉంది. ఇది మాత్రం శ్రద్ధగా కూర్చినది, అందుకే లోపల ఏ భాగం ఎప్పుడు పనిచేస్తుందో విడివిడిగా తెలుస్తుంది.

స్ప్రే కొట్టిన మొదటి పది పదిహేను సెకన్లు ముక్కు పెట్టకూడదు. అప్పుడు వచ్చేది ఆల్కహాలే. చర్మం చల్లబడటం నిజమే, ఆల్కహాల్ ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కానీ ఆ చలువ నిమిషం కూడా ఉండదు. ఆ తర్వాత నారింజ, ఎర్రగుజ్జు మాండరిన్, వాటి వెనక సముద్రపు గాలి, ఇస్త్రీ చేసిన తెల్లబట్టను గుర్తుచేసే ఆల్డిహైడ్లు అనే సుగంధ పదార్థాలు. కౌంటర్ దగ్గర నిలబెట్టి అమ్మేది ఈ ఘట్టాన్నే. ఇది ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట.

అరగంట నుంచి రెండు గంటల దాకా మిరియాలు, నారింజ పూల నూనె, దేవదారు చెక్క ముందుకొస్తాయి. పెర్ఫ్యూమ్ బాగా కుదిరిందా లేదా అన్నది తేలేది ఈ దశలోనే. ఎందుకంటే పక్కవాళ్లు ఎక్కువసేపు పీల్చేది దీన్నే. మూడో గంట నుంచి టోంకా గింజల తీపి, వెనిలా, తెల్ల కస్తూరి అనే కృత్రిమ మస్క్‌లు, అడుగున వట్టివేరు. అప్పటికి వాసన చర్మానికి రెండు మూడు అంగుళాల దూరం దాటదు. నిమ్మ కోసం కొన్నవాళ్లు ఇక్కడ కంగు తింటారు. ఆరో గంటకు మిగిలేది లీలగా తియ్యటి, సబ్బులాంటి వాసన.

ఎందుకిలా? నిమ్మ, నారింజ తొక్కల్లో ప్రధానంగా ఉండే లిమోనిన్ అణుభారం 136. మస్క్‌గా వాడే గెలాక్సోలైడ్ అణుభారం 258. తేలికది ముందు లేచిపోతుంది, బరువైనది చర్మాన్ని అంటుకుని ఉంటుంది. 'ఎక్కువసేపు ఉండే నిమ్మ వాసన' అడగడం ఈ లెక్కకు ఎదురీదడమే. గాఢత పెంచితే సరిపోతుందనుకుంటారు. సీసా మీద రాసే గాఢత పేర్లలో పలుచటిదైన ఓ డి టాయ్‌లెట్‌లో సుగంధ నూనెలు ఇంచుమించు 5 నుంచి 15 శాతం, చిక్కటిదైన ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం ఉంటాయి. కానీ పెంచిన నూనెలో నిలిచే భాగమంతా అడుగున ఉండే తీపి, చెక్క, మస్క్. నిమ్మ వాటా ఎంత పోసినా ఎగిరిపోయేదే. అందుకే 2012లో ఇదే పెర్ఫ్యూమ్‌కు వచ్చిన 'ఓ ఎక్స్‌ట్రీమ్' గట్టిగా నిలుస్తుంది గానీ చిక్కబడి, తీపెక్కి, ఎండకు బరువనిపిస్తుంది. స్పోర్ట్ పెర్ఫ్యూమ్ మూడు నాలుగు గంటల్లో సన్నబడటం కల్తీకి గుర్తు కాదు.

చెమటతో పేచీ

చెమటకు దానంతట దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. ఒంటి నిండా ఉండే గ్రంథుల నుంచి వచ్చేది ఉప్పునీరు. చంకల్లో ఉండే వేరే రకం గ్రంథులు కొవ్వు, ప్రొటీన్ కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. అక్కడి బ్యాక్టీరియా, ముఖ్యంగా కొరినెబాక్టీరియం, స్టెఫైలోకాకస్ హోమినిస్, దాన్ని విరగ్గొట్టినప్పుడు కంపు పుడుతుంది. అందులో ఒక భాగం గంధకం ఉన్న థయాల్ జాతి పదార్థాలు, ఉల్లిపాయ కుళ్లిన వాసన వాటిదే. ఇవి నలుసంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అందుకే పైన ఎంత పెర్ఫ్యూమ్ కొట్టినా అవి మునగవు. రెండూ కలిసి మూడో వాసన తయారవుతుంది, సిటీ బస్సులో సాయంత్రం ఆరింటికి అందరికీ తెలిసినదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పంపరపనసకు దగ్గరి పండైన గ్రేప్‌ఫ్రూట్‌ను స్పోర్ట్ పెర్ఫ్యూముల్లో బాగా వాడతారు. ఆ పండుకు దాని గుర్తింపు ఇచ్చే అణువు కూడా గంధకపు థయాలే. పొడి చర్మం మీద అది చేదుచేదుగా, ఉషారుగా ఉంటుంది. చెమట పట్టిన మనిషి మీద అదే వాసన చంక కంపును ఎగదోస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ ముందున్న సీసాకన్నా నారింజ, అల్లం, యాలకులు, వట్టివేరు ఉన్నవి చూసుకోవడం మేలు.

చంకల పని పెర్ఫ్యూమ్‌ది కాదు, యాంటీపెర్స్పిరెంట్‌ది. అందులోని అల్యూమినియం లవణాలు చెమట నాళాల మూతి దగ్గర జెల్‌లా గడ్డకట్టి అడ్డుపడతాయి. దానికి పొడి చర్మం, కొన్ని గంటల విశ్రాంతి కావాలి. కాబట్టి రాత్రి పడుకునే ముందు రాసుకోవాలి. పొద్దున స్నానం చేసినా ఆ అడ్డు పోదు. పొద్దున హడావుడిలో, తడి చంకలో రాస్తే సగం చెమటతో కొట్టుకుపోతుంది, మిగతా సగం చొక్కాకు తెల్ల చారలవుతుంది. వాసన లేని రకం తీసుకుంటే పైన పెర్ఫ్యూమ్‌తో పేచీ ఉండదు. డియో స్ప్రే వేరే సంగతి. అది బ్యాక్టీరియాను కొంత అణచి, వాసన చల్లుతుంది, చెమటను ఆపదు. గ్యాస్ డబ్బాల్లో తోసే గ్యాస్ వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్, ప్రొపేన్‌లే. కనీసం 15 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. మరీ దగ్గరగా పట్టి ఒకేచోట కొడితే చలికి చర్మం కమిలిపోతుంది. దేవుడి దీపం, స్టవ్ దగ్గర అసలే వద్దు.

వాడే వరస

ఆట అయిన వెంటనే స్నానానికి దూకితే ఒంటి వేడి తగ్గక, తుడుచుకున్నాక కూడా చెమట పడుతూనే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు మామూలు నీళ్లతో స్నానం చేయాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు గట్టిగా పట్టించాలి. వాసన పుట్టేది అక్కడే. తుడుచుకున్నాక ఐదు నిమిషాలు ఒళ్లు ఆరనివ్వాలి.

పొడిబారే చర్మం పెర్ఫ్యూమ్‌ను త్వరగా వదిలేస్తుంది. బఠాణీ గింజంత వాసన లేని మాయిశ్చరైజర్ మెడకు, ఛాతీకి రాస్తే గంట దాకా అదనంగా నిలుస్తుంది. కొబ్బరినూనె రాయకూడదు, దాని వాసన నిమ్మను మింగేస్తుంది. మనవాళ్ల టాల్కమ్ పౌడర్ అలవాటు కూడా ఇక్కడ అడ్డమే. పౌడర్ మీద స్ప్రే పడితే ముద్దకట్టి మచ్చలవుతుంది, పౌడర్‌కున్న పూల వాసన పెర్ఫ్యూమ్‌ను తొక్కేస్తుంది. రెండింటిలో ఒకటే.

స్ప్రే ఒక్కోటి సుమారు 0.1 మిల్లీలీటర్. ఛాతీ మీద ఒకటి, మెడకు రెండు పక్కలా ఒక్కోటి, మోచేతి మడతలో ఒకటి. బయట తిరిగే రోజుకు ఈ నాలుగు చాలు. ఏసీ ఆఫీసుకు ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి. నిమిషం ఆగి చొక్కా వేసుకోవాలి. ఛాతీ మీది స్ప్రే బట్ట చాటున నిదానంగా లేచి కాలర్ గుండా పైకొస్తుంది, అందువల్ల మెడ మీదిదానికన్నా ఎక్కువసేపు తెలుస్తుంది. మణికట్లు రెండూ రుద్దుకునే అలవాటు మానాలి. అణువులు 'విరిగిపోతాయి' అనేది కట్టుకథ. కానీ రాపిడి వేడికి నిమ్మభాగం త్వరగా ఎగిరిపోవడం నిజం. గడ్డం గీసుకున్న వెంటనే దవడ కింద కొడితే మంట తప్పదు. ఎండలో తిరిగే రోజు మెడకన్నా బట్ట చాటున ఉండే ఛాతీ నయం. బెర్గమోట్ నూనెలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరుస్తాయి. పేరున్న కంపెనీలు వాటిని తీసేసిన నూనెనే వాడతాయి గానీ, ఊరూపేరూ లేని సీసాల విషయంలో ఆ భరోసా లేదు.

వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి నూనెలు ఆవిరయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. చర్మాన్ని చెమట 35, 36 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. బట్టకు ఆ ఏర్పాటు లేదు. రామగుండం, విజయవాడ ఎండలో ముదురు రంగు చొక్కా అంతకన్నా బాగా వేడెక్కుతుంది. అందుకే మే నెలలో చొక్కా మీద కొట్టిన స్ప్రే కాసేపు గుప్పుమని ఖాళీ అయిపోతుంది. అదే డిసెంబరులో, ఏసీ గదిలో, బట్ట మీద కొట్టినది చర్మం మీదిదానికన్నా ఎక్కువసేపు ఉంటుంది. తెల్ల చొక్కాకు, పట్టుకు దూరం నుంచి కొట్టినా నూనె మరక పడే ప్రమాదం ఉంది. హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చెవుల వెనక కొట్టకపోవడం మంచిది. లోపలి స్పాంజి పీల్చుకుని, చెమటతో కలిసి, వారానికల్లా హెల్మెట్ తీయగానే మొహం తిప్పుకోవాల్సి వస్తుంది.

ఎండాకాలంలో నాలుగు గంటల తర్వాత మళ్లీ కొట్టుకోవడం తప్పు కాదు, ఈ రకం పెర్ఫ్యూమ్‌ను అలాగే వాడాలి. పొద్దున ఎనిమిది స్ప్రేలు కొట్టే బదులు నాలుగు కొట్టి, 5 మిల్లీలీటర్ల చిన్న సీసాలో కొంత పోసి సంచిలో వేసుకుంటే, మధ్యాహ్నం మొహం, మెడ కడుక్కుని ఆరాక రెండు కొట్టుకోవచ్చు. కడుక్కోకుండా పాతదాని మీద కొట్టడం మాత్రం అదే బస్సు వాసన.

ఎక్కడ బెడిసికొడుతుంది

అందరికీ జరిగేది అతివాడకం, దానికి కారణం ముక్కే. ఒకే వాసన ఇరవై నిమిషాలు తగిలితే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొట్టుకున్నవాడికి తెలియదు, లిఫ్టులో ఉన్న మిగతా నలుగురికీ తెలుస్తుంది. పైగా గెలాక్సోలైడ్ లాంటి పెద్ద మస్క్ అణువుల్ని అసలు పసిగట్టలేని ముక్కులు కొన్ని ఉంటాయి. అలాంటివాళ్లకు తమ పెర్ఫ్యూమ్ రెండు గంటలకే అయిపోయినట్టుంటుంది, పక్కవాళ్లకు సాయంత్రం దాకా వస్తూనే ఉంటుంది. 2015లో వచ్చిన డియోర్ 'సోవాజ్' తర్వాత ఆంబ్రోక్సాన్ దండిగా పోయడం ఫ్యాషనైంది. క్లారీ సేజ్ మొక్క నుంచి వచ్చే స్క్లేరియోల్‌తో తయారయ్యే ఈ పదార్థం గదంతా పరుచుకుంటుంది. దాంతో చేసిన 'స్పోర్ట్' సీసాలకు రెండు స్ప్రేలే ఎక్కువ. మూడు గంటల తర్వాత ఇంట్లోవాళ్లను 'ఇంకా వస్తోందా' అని అడగడం కన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

జిమ్ టీషర్ట్ మీద కొట్టడం రెండో పొరపాటు. పాలిస్టర్ నీటిని వదిలేసి నూనెను పట్టుకుంటుంది, చెమటలోని కొవ్వైనా పెర్ఫ్యూమ్‌లోని మస్కైనా. ఉతికినప్పుడు బాగానే ఉండి, వేసుకుని పది నిమిషాలు పరిగెత్తగానే పాత కంపు లేచే టీషర్టుల కథ ఇదే. అలాంటివాటిని బకెట్ నీళ్లలో పావు కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోశాక డిటర్జెంట్‌తో ఉతికి, ఎండలో ఆరేయాలి. మెత్తదనం కోసం పోసే కండిషనర్ వాడకూడదు, అది పోగు మీద ఇంకో పొర వేస్తుంది. మూసిన జిమ్ గదిలో గట్టిగా ఊపిరి పీల్చేవాళ్ల మధ్య పెర్ఫ్యూమ్ అసలు లేకపోవడమే మర్యాద.

గల్ఫ్ నుంచి సెలవుకొచ్చే అన్నయ్యలు తెచ్చే ఊద్ (అగరు చెక్క) అత్తరు పైన స్పోర్ట్ స్ప్రే కొట్టే ప్రయోగం నిజామాబాద్, కడప ఇళ్లలో కొత్త కాదు. మొదటి అరగంట అద్భుతంగానే ఉంటుంది. నిమ్మ పోయాక ఊద్ ఒక్కటే మిగులుతుంది, స్ప్రే ఖర్చు దండగ.

నిల్వ సంగతి తక్కువమంది పట్టించుకుంటారు. గాలి, వేడి, వెలుతురు తగిలితే లిమోనిన్, లినలూల్ లాంటి సుగంధ పదార్థాలు ఆక్సీకరణం చెందుతాయి. నిమ్మ వాసన పోయి వార్నిష్ వాసన రావడమే కాదు, అలా మారిన పదార్థాలు కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు, తడీ వేడీ మారుతుండే బాత్‌రూమ్ అలమర రెండూ పనికిరావు. గ్యాస్ డియో డబ్బా కారులో వదిలితే అది వాసన సమస్య కూడా కాదు, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే ఉంటుంది. బీరువాలో, అట్టపెట్టెలోనే ఉంచితే చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు.

కొనేటప్పుడు కాగితపు పట్టీ మీద చూసి డబ్బు కట్టకూడదు. మోచేతి మీద ఒక స్ప్రే కొట్టించుకుని, మాల్ బయటికి వచ్చి, కాసేపు ఎండలో నడిచి, మూడు గంటల తర్వాత మిగిలిన వాసన నచ్చితేనే మళ్లీ వెళ్లాలి. ఒక రోజుకు రెండు రకాలకు మించి చూస్తే ముక్కు గందరగోళపడుతుంది. విదేశీ సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి లేదా అంటించి ఉండాలి. అవి లేకుండా సగం ధరకు ఇస్తానన్నదాన్ని వదిలేయాలి. సైజు దగ్గర చిన్న లెక్క వేసుకోవచ్చు. 100 మిల్లీలీటర్లంటే సుమారు 1000 స్ప్రేలు. రోజుకు ఆరు చొప్పున మార్చి నుంచి జూన్ దాకా వాడితే 730 దాకా ఖర్చవుతాయి. శని, ఆదివారాలు మాత్రమే వాడేవాళ్లకు అదే సీసా నాలుగైదు ఎండాకాలాలు వస్తుంది, సగం ఖాళీ అయిన సీసాలో చేరే గాలి ఆలోపే నిమ్మను తినేస్తుంది. వాళ్లు 50 మిల్లీలీటర్లది కొనడమే లాభం, మిల్లీలీటర్ ధర కాస్త ఎక్కువ పడినా సరే.